బేస్‌మెంటులో రేడాన్, వంటింట్లో గ్రానైటు: దేనికి భయపడాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇల్లు కొంటున్నాడు. బయానా ఇచ్చాక తనిఖీ చేయిస్తే బేస్‌మెంటులో రేడాన్ అనే వాయువు 8 పికోక్యూరీలు ఉందని, 4 దాటితే సరిచేయించుకోవాలని నివేదిక వచ్చింది. అది రేడియోధార్మిక వాయువట. ఇల్లు చూపించిన ఏజెంటు మాత్రం ఇక్కడ ఇది మామూలే, ఒక ఫ్యాను పెడితే పోతుంది అంటున్నాడట. కోడలికి అయిదో నెల. కానుపుకు మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఉండాలి. మాకు అనుకున్న గది ఆ బేస్‌మెంటులోనే. మావారికి అరవై ఆరేళ్లు, రోజుకు పది సిగరెట్లు కాలుస్తారు. ఇల్లు వద్దని అబ్బాయికి చెప్పమంటారా? ఇంకో మాట. ఈ వాయువు రాళ్లలోంచి, ముఖ్యంగా గ్రానైటులోంచి వస్తుందని మా తమ్ముడు ఎక్కడో చదివి చెప్పాడు. మా ఇల్లు గుట్ట పక్కనే ఉంది. నేల, మెట్లు, వంటగట్టు అన్నీ గ్రానైటే. తాగేది బోరు నీళ్లు. ఆ మాట విన్నప్పటి నుంచి వంటగట్టు మీద చెయ్యి వేయాలంటేనే గుబులుగా ఉంటోంది.
– ఒక తల్లి, కరీంనగర్

సమాధానం:

అమ్మా,

ముందుగా మీరు ఈ రాత్రి నిద్రపోవడానికి కావలసిన మాట చెబుతాను. ఆ ఇల్లు వదులుకోనక్కరలేదు. మీ వంటగట్టు తీయించనక్కర అంతకన్నా లేదు. కానీ మీ ఉత్తరంలో మీరు దారిలో అన్నట్టుగా రాసి వదిలేసిన మాటలు రెండున్నాయి. ఒకటి మీవారి పది సిగరెట్లు, రెండు మీ బోరు నీళ్లు. ఉత్తరం చదివాక నాకు మనసులో నిలిచినవి ఆ రెండే. వాటి దగ్గరికి వస్తాను. అయితే మీకు పట్టిన భయం రాయిని చూసి పుట్టింది కాబట్టి, రాయి నుంచే మొదలుపెడతాను.

ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. ఏటా కొత్తగా చేరిన పిల్లలను ఒక గుట్ట మీదికి తీసుకెళ్లి, రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమనే గీగర్ కౌంటరు చేతికిచ్చి నడవమనేవాణ్ణి. రేగడి చేలో నడిచేటప్పుడు అది తీరిగ్గా, ఒక టిక్కు, కాస్త ఆగి ఇంకో టిక్కు అన్నట్టు మోగేది. గుట్ట ఎక్కి ఎర్రటి గ్రానైటు మీద పెట్టగానే టిక్కులు దగ్గరపడేవి. ఆ గ్రానైటును చీల్చుకుంటూ పోయే ముతక గింజల తెల్లని చార ఒకటి ఉంటుంది, దాన్ని పెగ్మటైటు అంటాం. దాని మీద పెడితే మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది. పిల్లలు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకునేవారు. సరిగ్గా మీరు వంటగట్టు మీది నుంచి చెయ్యి తీసుకున్నట్టే. అప్పుడు ఆ యంత్రాన్ని ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం ఉప్పు పొట్లం దగ్గర పెట్టి వినిపించేవాణ్ణి. అక్కడా మోగేది. దాంతో పిల్లల ముఖాల్లో భయం పోయి ఆలోచన మొదలయ్యేది.

రాళ్లలో ప్రకృతి సిద్ధంగా ఉన్న రేడియోధార్మికతకు ముఖ్యంగా మూడు మూలాలు: యురేనియం, థోరియం, పొటాషియంలో ఒక చిన్న భాగమైన పొటాషియం-40. ఇవి ఎవరో తెచ్చి పోసినవి కావు. భూమి పుట్టినప్పుడే దానితో వచ్చాయి. యురేనియం-238 సగానికి తగ్గడానికి దాదాపు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది, అంటే ఇంచుమించు భూమి వయసు. థోరియానికి అంతకు మూడు రెట్లు. అందుకే ఇంకా మిగిలి ఉన్నాయి. భూగర్భంలో శిలాద్రవం చల్లబడి గట్టిపడేటప్పుడు ఈ మూలకాలు తొలి ఖనిజాల్లో ఇమడలేక, చివరిదాకా ద్రవంలోనే ఉండిపోతాయి. ఆ చివరి ద్రవం గడ్డకడితే వచ్చేదే గ్రానైటు. కాబట్టి లావా గడ్డకట్టగా వచ్చిన నల్లరాయి బసాల్టు కంటే గ్రానైటులో ఇవి ఎక్కువ. టన్ను గ్రానైటులో యురేనియం సాధారణంగా నాలుగైదు గ్రాములు, థోరియం దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. హైదరాబాదు, కరీంనగర్, నల్లగొండ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు. నల్లరేగడి కింద ఉండే దక్కను బసాల్టుతో పోలిస్తే ఈ నేలల మీద గామా కిరణాలు కొంచెం ఎక్కువే.

ఆ కొంచెం ఎంత అన్నదే ప్రశ్న. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందే రేడియేషన్ 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు ఇది కొలత). ఆకాశం నుంచి వచ్చేది, నేల నుంచి వచ్చేది, తిండి ద్వారా వచ్చేది, గాలి ద్వారా వచ్చేది అన్నీ అందులో కలిశాయి. మన ఒంట్లో ఉన్న పొటాషియమే సెకనుకు సుమారు 4,000 పరమాణువుల లెక్కన విఘటన చెందుతూ ఉంటుంది. గ్రానైటు నేల మీద కాపురం ఉంటే ఈ మొత్తానికి కొంత కలుస్తుంది. ఆ కలిసేదాని వల్ల జబ్బు చేసినట్టు మన గుట్టల ఊళ్లలో తరతరాల అనుభవం చెప్పలేదు, శాస్త్రమూ చెప్పలేదు.

ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువున్న చోట ఏమైందో చూడండి. కేరళలో కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. దాంట్లో థోరియం ఎక్కువ. నీండకర, చవర ఊళ్లలో కొన్ని ఇళ్ల దగ్గర గామా కిరణాల మోతాదు మామూలు నేలల కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. తరతరాలుగా జాలరి కుటుంబాలు ఆ ఇసుక మీదే నడుస్తున్నాయి, ఆ ఇసుకలోనే పిల్లలు ఆడుకుంటున్నారు. తిరువనంతపురంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం వాళ్లు అక్కడ దాదాపు 70,000 మందిని సగటున పదిన్నరేళ్లు గమనించి, 2009లో ఫలితం ప్రకటించారు. నేల నుంచి వచ్చే గామా కిరణాల వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు వాళ్లకు కనిపించలేదు. మోనజైట్ మన తీరంలోనూ ఉంది. భీమునిపట్నం దగ్గర, శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గర ఇసుకలో చూడవచ్చు. చాలామంది ఆ నల్ల ఇసుకే రేడియోధార్మికం అనుకుంటారు. నల్లరంగు ఎక్కువగా ఇల్మెనైట్ అనే వేరే ఖనిజానిది. మోనజైట్ గింజ తేనెరంగులో, ఇసుక రేణువంత సన్నగా ఉంటుంది. ఆ గింజను భూతద్దం కింద చూస్తే ఇంత అందమైనదాంట్లోనా థోరియం ఉన్నది అనిపిస్తుంది.

ఇప్పుడు మీ వంటగట్టు సంగతి. మెరుగుపెట్టిన గట్టి రాయి లోపలి వాయువును అంత తేలిగ్గా వదలదు. రెండు అంగుళాలైనా లేని పలక, పైగా కిటికీలు తెరిచి ఉండే వంటిల్లు. దాని నుంచి వచ్చే రేడాన్ ఇంటి గాలిలో గుర్తించడానికి కూడా కష్టమైనంత తక్కువ. ఒక విషయం కూడా చెప్పాలి. అంగట్లో గ్రానైటు అని అమ్మేవన్నీ గ్రానైట్లు కావు. మీ జిల్లా క్వారీల నుంచి విదేశాలకు పోయే టాన్ బ్రౌన్ అసలైన గ్రానైటు జాతి. కానీ ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే, నక్షత్రాలు పొదిగినట్టుండే నల్లరాయి గాబ్రో జాతిది. దాంట్లో యురేనియం, థోరియం చాలా తక్కువ. తాండూరు బండ, కడప బండ సున్నపురాళ్లు, అవీ అంతే. మీది ఏదైనా సరే, దాని మీద చపాతీలు ఒత్తుకోండి, పిల్లలను కూర్చోబెట్టుకోండి.

అయితే మీ తమ్ముడు చెప్పింది అబద్ధమా? కాదు. రేడాన్ పుట్టేది రాళ్లలో, మట్టిలోనే. యురేనియం మెల్లగా విఘటన చెందుతూ, పేరు మార్చుకుంటూ పోతుంది. ఆ వరుసలో రేడియం వస్తుంది, రేడియం తర్వాత రేడాన్. దానికి ముందున్నవన్నీ ఘనపదార్థాలు, రాతిలోనే ఉండిపోతాయి. రేడాన్ ఒక్కటే వాయువు. రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ రసాయనికంగా కలవదు. 3.8 రోజుల్లో సగం అవుతుంది. రాతి సందుల్లోంచి, మట్టి రేణువుల మధ్య నుంచి పైకి జరిగి రావడానికి ఆ సమయం చాలు. బయట అయితే గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఆరుబయట ఘనపు మీటరు గాలిలో సాధారణంగా 5 నుంచి 15 బెక్వెరెళ్లు మాత్రమే ఉంటుంది (సెకనుకు ఒక పరమాణువు విఘటన చెందితే అది ఒక బెక్వెరెల్). చిక్కు వచ్చేది అది మూసిన ఇంట్లోకి చేరినప్పుడే.

చలిదేశపు ఇల్లు ఎలా ఉంటుందో మీరు వెళ్లాక చూస్తారు. నేలలోకి దిగేసిన బేస్‌మెంటు, చుట్టూ మట్టి, ఆరు నెలలు తలుపులూ కిటికీలూ బిగించి లోపల వేడి. వేడిగాలి పైకి పోతుంది, పై అంతస్తు సందుల్లోంచి బయటికి జారుకుంటుంది. ఆ మేరకు కింద గాలి పీడనం తగ్గుతుంది. అప్పుడు ఇల్లు మొత్తం పొయ్యి గొట్టంలా పనిచేస్తూ, కింది మట్టిలోని గాలిని లోపలికి లాగుతుంది. కాంక్రీటు నేల పగుళ్ల నుంచి, గోడా నేలా కలిసే అంచు నుంచి, నీళ్లు తోడే గుంట నుంచి, పైపులు దూరిన కంతల నుంచి అది వస్తుంది. అందుకే రేడాన్ అన్నది రాయి సమస్య కంటే ఎక్కువగా గాలి ఆడని ఇంటి సమస్య.

ఈ సంగతి మీద అమెరికా అంతటి దృష్టీ పడింది మీ అబ్బాయి ఇల్లు కొంటున్న రాష్ట్రంలోనే. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు ఉండేవారు. బయటికి వెళ్లేటప్పుడు ఒంటికి రేడియేషన్ అంటిందేమో చూడడానికి అక్కడ యంత్రాలు ఉంటాయి. ఆయన దగ్గరికి వస్తే అవి మోగేవి. ఆ కేంద్రం ఇంకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టలేదు. చివరికి పొద్దున్నే లోపలికి వస్తూనే మోగడంతో, ఆయన దాన్ని ఇంటి నుంచే మోసుకొస్తున్నారని తేలింది. ఇంట్లో కొలిస్తే లీటరు గాలికి దాదాపు 2,700 పికోక్యూరీలు. మీ అబ్బాయి నివేదికలో ఉన్నది 8. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది, సరిచేశాక అదే ఇంటికి తిరిగి వెళ్లింది. అక్కడి నేల కింద రెడింగ్ ప్రాంగ్ అనే శిలల పట్టీ ఉంది. పెన్సిల్వేనియాలో మొదలై న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ వైపు సాగుతుంది. మనవాళ్లు ఎందరో ఇళ్లు కొనుక్కున్న ప్రాంతమది. పెన్సిల్వేనియా ఇళ్లలో దాదాపు నూటికి నలభై 4 పికోక్యూరీల హద్దు దాటినవేనని ఆ రాష్ట్ర పర్యావరణ శాఖ అంచనా. ఏజెంటు చెప్పిన ‘మామూలే’ అన్న మాట ఆ లెక్కన నిజమే. మామూలు కాబట్టి పట్టించుకోనక్కరలేదు అని మాత్రం దాని అర్థం కాదు.

లీటరు గాలికి 8 పికోక్యూరీలంటే ఎంతో చెబుతాను. మన కొలతల్లో అది ఘనపు మీటరుకు సుమారు 300 బెక్వెరెళ్లు. అంటే ఒక ఘనపు మీటరు గాలిలో సెకనుకు 300 రేడాన్ పరమాణువులు విఘటన చెందుతున్నాయి. మీకు ఇచ్చే గది పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు అనుకుంటే, ఆ గది గాలిలో సెకనుకు పది పన్నెండు వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 దగ్గరే హద్దు పెట్టుకొమ్మంటుంది. అది కుదరని దేశాలు కూడా 300 దాటనివ్వకూడదంటుంది. కాబట్టి మీ అబ్బాయి ఇల్లు ప్రమాదం ముంచుకొచ్చిన ఇల్లు కాదు, అలాగని వదిలేయదగ్గ ఇల్లూ కాదు.

రేడాన్ దానంతట అది పీల్చి వదిలేసే వాయువే. హాని చేసేది దాని సంతతి. రేడాన్ విఘటన చెందగానే పొలోనియం, ఆ తర్వాత సీసం, బిస్మత్, మళ్లీ పొలోనియం నిమిషాల మీద పుడతాయి. ఇవి వాయువులు కావు, ఘనపదార్థాలు. దుమ్ముకు, పొగకు అంటుకుని ఊపిరితిత్తుల గొట్టాల గోడల మీద దిగబడతాయి. అక్కడ ఉండి ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణం కాగితం ముక్కను కూడా దాటలేదు. మన చర్మం పైపొరే దాన్ని ఆపేస్తుంది. అందుకే గ్రానైటు మీద చెయ్యి వేస్తే ఏమీ కాదు. ఊపిరితిత్తి లోపల ఆ పైపొర లేదు. అక్కడ కణం వదిలిన శక్తంతా బతికి ఉన్న కణజాలంలోనే, మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని దూరంలో ఖర్చవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో పనిచేసేవాళ్లు నడివయసులోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవారు. ఏమిటో తెలియక దాన్ని కొండజబ్బు అనేవారు. 1879లో హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేల్చారు. గనుల సంగతి సరే, ఇళ్లలోని తక్కువ మోతాదుకు కూడా అలాగే జరుగుతుందా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. యూరప్‌లో పదమూడు అధ్యయనాలను కలిపి, 7,148 మంది రోగులను పరిశీలించి 2005లో ప్రకటించిన ఫలితంతో అది తీరింది. ఏళ్ల తరబడి పీల్చే గాలిలో ప్రతి 100 బెక్వెరెళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు నూటికి 16 పెరుగుతుంది. పొగతాగేవాళ్లకూ తాగనివాళ్లకూ అదే నిష్పత్తి. కానీ ఆ పదహారు శాతం దేని మీద పెరుగుతుందన్నది చూడాలి.

ఇక్కడే మీవారు వస్తారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం, జీవితమంతా 8 పికోక్యూరీల ఇంట్లో గడిపితే, పొగ ఎరగని వెయ్యిమందిలో సుమారు 15 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. పొగతాగే వెయ్యిమందిలో 120 మందికి. అదే రాయి, అదే నేల, అదే వాయువు. తేడా అంతా సిగరెట్టుది. మీరు రేడాన్ గురించి రెండు పేజీలు రాసి, సిగరెట్ల గురించి అర వాక్యం రాశారు. మీ ఇంట్లో ఆయనకు నిజంగా ముప్పు తెచ్చేది ఆ అర వాక్యమే. తప్పు పట్టి అనడం లేదమ్మా. నలభై ఏళ్లుగా కళ్లెదుట కనిపించేది అలవాటైపోతుంది, నివేదికలో కొత్తగా కనిపించిన పేరు భయపెడుతుంది. మీ బాధ అర్థమవుతుంది. అయినా ఈ ప్రయాణానికి ఇంకా మూడు నాలుగు నెలల వ్యవధి ఉంది. మానడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు. పొగాకు మానాలనుకునేవారికి కేంద్ర ఆరోగ్య శాఖ ఉచిత ఫోను ఉంది, 1800-11-2356. మీ పక్కన కూర్చుని ఆయనతోనే చేయించండి. మనవణ్ణి ఎత్తుకునే చేతులకు పొగ వాసన ఉండకూడదని ఆయనకు మాత్రం ఉండదా? ఆ మాట మీరు చెబితే వినే అవకాశం ఎక్కువ, డాక్టరు చెబితే కంటే.

కోడలి గురించి, కడుపులో బిడ్డ గురించి మీరు అడగలేదు గానీ అడగాలనుకున్నారని తెలుస్తూనే ఉంది. రేడాన్ ముప్పు ఊపిరితిత్తులకు సంబంధించినది, ఏళ్ల మీద పోగుపడేది. కొన్ని వారాలు ఆ ఇంట్లో తిరిగినంత మాత్రాన కడుపులో బిడ్డకు ఏదో అయిపోతుందని దిగులు పడకండి. మీ ఆరు నెలల సంగతీ అంతే, జీవితకాలం లెక్కలో అది చిన్న ముక్క. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు ఉండబోయేది మీ అబ్బాయి, కోడలు, పుట్టబోయే బిడ్డ. సరిచేయించవలసింది వాళ్ల కోసం. పుట్టిన బిడ్డ పెరిగి బేస్‌మెంటులో బొమ్మలు పరుచుకుని కూర్చుంటుంది చూడండి, అప్పటికి ఆ గాలి శుభ్రంగా ఉండాలి.

అబ్బాయికి ఏం చెప్పాలో ఇప్పుడు చెబుతాను. ఇల్లు వదిలేసి పక్క వీధిలో ఇంకొకటి చూడడం పరిష్కారం కాదు. పక్కపక్క ఇళ్లలో కూడా రేడాన్ వేరువేరుగా ఉంటుంది. కింద పగులు ఎక్కడుంది, మట్టి ఎంత గుల్లగా ఉంది, పునాది ఎలా వేశారు అన్నదాన్ని బట్టి మారుతుంది. కొత్త ఇంట్లో 8కి బదులు 12 ఉండవచ్చు. కొలిచి తెలుసుకున్న ఇల్లు, కొలవని ఇంటికంటే నయం.

ముందు ఆ పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో కనుక్కోమనండి. కొద్దిరోజుల పరీక్షకు పన్నెండు గంటల ముందు నుంచే తలుపులూ కిటికీలూ మూసి ఉంచాలి, కనీసం 48 గంటలు కొలవాలి. కొలిచే డబ్బా వంటింట్లోనో స్నానాల గదిలోనో కాకుండా, మనుషులు ఉండే అట్టడుగు అంతస్తులో, నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున పెట్టాలి. ఆ డబ్బాల్లో ఒక రకంలో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది, అది రేడాన్‌ను పట్టుకుంటుంది. ఏడాది పొడవునా సగటు తెలియాలంటే మూడు నెలలకు పైగా ఉంచే రకం వేరు. దాంట్లో గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అంతే. తీగ లేదు, బ్యాటరీ లేదు. ఒక్కో ఆల్ఫా కణం దాన్ని తాకి కంటికి కనిపించని గీత పెడుతుంది. ప్రయోగశాలలో దాన్ని వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కొన్ని గంటలు నానబెడితే గీతలు గుంటలై విచ్చుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద వాన చినుకులు పడ్డ దుమ్ములా ఉంటుంది ఆ ప్లాస్టిక్. ఆ గుంటలు లెక్కపెడితే గదిలో ఎంత రేడాన్ ఉందో తెలిసిపోతుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు, ఇన్నాళ్లూ అంకెలుగా చదివింది కళ్లెదుట కనిపించి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇక ఏజెంటు చెప్పిన ఫ్యాను. అది గాలి విసిరే ఫ్యాను కాదు. బేస్‌మెంటు కాంక్రీటు నేలకు ఒక రంధ్రం చేసి, కింది కంకరలోకి పీవీసీ గొట్టం దింపుతారు. ఆ గొట్టం ఇంటి కప్పు దాటి పైకి పోతుంది. మధ్యలో, మనుషులు ఉండే గదులకు బయట, రాత్రింబగళ్లు తిరిగే ఒక ఫ్యాను ఉంటుంది. అది ఇంటి కింది మట్టిలోని గాలిని, అది ఇంట్లోకి రాకముందే పీల్చి, కప్పు పైన ఆకాశంలోకి వదిలేస్తుంది. అక్కడ గాలికి కలిసి పలచబడిపోతుంది. పగుళ్లు, నీళ్ల గుంట మూతలు కూడా బిగిస్తారు. పగుళ్లు మాత్రమే పూడిస్తే చాలదు. గాలిని శుభ్రపరిచే యంత్రాలు కొని గదిలో పెట్టుకుంటే కూడా చాలదు. అవి దుమ్మును పడతాయి గానీ రేడాన్ రాకను ఆపలేవు. ఈ గొట్టం పద్ధతి మంచి పనివాళ్లు చేస్తే రేడాన్‌ను నూటికి 99 వంతుల దాకా తగ్గించగలదు. ఎక్కువ ఇళ్లలో 2 పికోక్యూరీలకు లోపే తెస్తుంది. పెన్సిల్వేనియాలో ఈ పని చేసేవాళ్లకు, కొలిచేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తప్పనిసరి. అది చూసే పిలవమనండి. రిజిస్ట్రేషను అయ్యేలోపే అమ్మేవాళ్లతో చేయించమని, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం అక్కడ రివాజే. మొహమాటపడవద్దనండి.

పని అయ్యాక ఒక రోజు ఆగి, నెల దాటకముందే మళ్లీ కొలిపించాలి. చేసినవాళ్లే కొలిచి చెప్పడం కాకుండా వేరేవాళ్ల చేత కొలిపిస్తే మంచిది. తర్వాత రెండేళ్లకోసారి. ఇంకో ప్రశ్న కూడా అడగమనండి. ఆ ఇంటికి నీళ్లు మునిసిపాలిటీవా, సొంత బావివా? అమెరికాలో చాలా ఇళ్లకు పెరట్లో బోరుబావి ఉంటుంది. రాతిలోంచి వచ్చిన నీటిలో రేడాన్ కరిగి ఉంటుంది, షవరు కింద స్నానం చేసేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు గాలిలోకి వస్తుంది. బావి అయితే ఆ నీటినీ పరీక్షించాలి.

బావి మాట వచ్చింది కాబట్టి మీ ఇంటి బోరు దగ్గరికి వద్దాం. మన గ్రానైటు నేలల్లో నాకు దిగులు కలిగించేది రాయి కాదు, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, లోతు బోర్ల నుంచి పైకి వచ్చే నీరు. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలం రాతిలోని యురేనియాన్ని కరిగించుకుంటుంది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గ్రానైటూ దాని మీది అవక్షేప శిలలూ కలిసే చోట యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో గనే నడుస్తోంది. అలాంటి నిక్షేపం లేని మామూలు గ్రానైటు ఊళ్లలో కూడా కొన్ని బోర్లలో యురేనియం ఎక్కువ ఉంటుంది, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నట్టే. నీటిలోని యురేనియం వల్ల మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. అది రేడియేషన్ వల్ల కంటే, సీసంలాంటి బరువైన లోహంగా దాని రసాయనిక గుణం వల్ల. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన భారతీయ ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే.

ఇది రుచికి తెలియదు. వాటర్ ప్లాంటు వాళ్లు నీటిలో ముంచి చూపించే టీడీఎస్ పెన్ను దీన్ని చూపించదు. మామూలు నీటి పరీక్షలోనూ ఉండదు. యురేనియం అని, ఫ్లోరైడ్ అని పేరు పెట్టి అడిగి, రెండింటికీ పరీక్ష చేయించండి. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది. ఫలితం వచ్చేదాకా తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నీళ్లు పట్టుకోండి. అది మానేరులాంటి జలాశయాల నీరు. అలాంటి ఉపరితల జలంలో యురేనియం సాధారణంగా చాలా తక్కువ. బోరు నీళ్లు బట్టలకూ, మొక్కలకూ వాడుకోండి.

మీ ఇంట్లో రేడాన్ కోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. పొద్దున లేవగానే ఎదురెదురు కిటికీలు తెరవండి, చాలు. ఈమధ్య మన ఊళ్లలోనూ ఏసీ పెట్టి రోజంతా గదులు బిగించేస్తున్నారు, గుట్ట తొలిచి కట్టిన ఇళ్లలో అది అంత మంచి అలవాటు కాదు.

మీరు అమెరికా వెళ్లాక మీ వంతుగా ఒక పని పెట్టుకోండి. బేస్‌మెంటులో ఆ తెల్లటి పీవీసీ గొట్టం పైకి పోయే చోట, కంటి ఎత్తున, ఇంగ్లిషు యూ అక్షరంలా వంగిన చిన్న గొట్టం తగిలించి ఉంటుంది. లోపల రంగు ద్రవం ఉంటుంది. దాని రెండు కొమ్ముల్లో ద్రవం ఎగుడుదిగుడుగా నిలిచి ఉంటే ఫ్యాను మట్టి గాలిని లాగుతోందన్నమాట. రెండు వైపులా ఒకే ఎత్తున ఉంటే ఫ్యాను ఆగింది. మెట్లు దిగినప్పుడల్లా ఒకసారి అటు చూడండి. సమానంగా కనిపించిన రోజు అబ్బాయికి వెంటనే చెప్పి, అది బాగయ్యేదాకా మీ ఇద్దరి పక్కలూ పై అంతస్తులో వేయించుకోండి.